ఇంటిలోని పొగ - పసిబిడ్డ ఊపిరి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ పనులనగానే మనకు వీధి దీపములు, మురుగు కాలువలు, మంచినీటి కుళాయిలు, చెత్త ఎత్తివేయుట జ్ఞప్తికి వచ్చును. ఇవి యన్నియు కంటికి కనిపించు పనులు. చేసినచో ప్రజలు మెచ్చుకొందురు, చేయనిచో నిలదీయుదురు. నేడు నేను మనవి చేయదలచిన విషయము అట్టిది కాదు. అది వీధిలో లేదు, ఇంటిలో నున్నది. దానికి పద్దు లేదు, టెండరు లేదు, బిల్లు లేదు. అయినను గ్రామములోని పసిబిడ్డలు దగ్గుతో, రొప్పుతో ఆసుపత్రికి పోవలసివచ్చు కారణములలో అది యొకటి. అదియే ఇంటిలో పెద్దలు కాల్చు చుట్ట, బీడీ, సిగరెట్ల పొగ.

పొగ త్రాగువానికి పొగాకు చేయు కీడు మీరందరు విన్నదే. పెట్టెలమీద బొమ్మలు వేసి మరీ హెచ్చరించుచున్నారు. నేను చెప్పదలచినది త్రాగనివారిని గూర్చి. వారిలోను, ఈ గదిలో నుండజాలనని నోరు తెరచి చెప్పలేని పసివారిని గూర్చి.

పొగ ఎచ్చటనుండి వచ్చును?

చుట్ట ముట్టించినవాడు ఎడతెగక దానిని పీల్చుచుండడు. ఒక దమ్ము లాగును, నాలుగు మాటలాడును, మరల ఒక దమ్ము లాగును. ఈ నడుమ కాలమంతయు చుట్ట కొన కాలుచునే యుండును. కనుక గదిలో చేరు పొగ రెండు విధములు. త్రాగువాడు పీల్చి వదలునది ఒకటి. నిప్పుకొననుండి తిన్నగా లేచునది రెండవది. ఇంటిలో ఇతరులు పీల్చు పొగలో హెచ్చుభాగము ఈ రెండవదే. నిప్పు మందముగా రాజుచున్నపుడు పుట్టునదగుటచే దీనిలో కార్బన్ మొనాక్సైడు, అమ్మోనియా వంటి విషవాయువులు మరింత హెచ్చు పాళ్ళలో నుండును. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయన పదార్థములున్నవనియు, వానిలో సుమారు 70 రాచపుండును, అనగా క్యాన్సరును, కలిగింపగలవనియు శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు.

కంటికి కనిపించు పొగ కొంతసేపటికి చెదరిపోవును. దానితో అంతయు పోయినదని మనమనుకొందుము. నిజమునకు అది పోదు. పొగలోని నలుసులు అతి సూక్ష్మములు; తలవెంట్రుక మందములో ముప్పదవ వంతు కూడ నుండవు. అవి గంటల కొలది గాలిలో తేలుచుండును. కొన్ని పదార్థములు దుప్పటులకు, ఉయ్యాల గుడ్డకు, గోడలకు, త్రాగినవాని కండువాకు అంటుకొని రోజుల తరబడి యుండును. నేలమీద ప్రాకుచు, చేతికందినదెల్ల నోటిలో పెట్టుకొను బిడ్డకు అచ్చటనుండియు ఆ విషము చేరును.

పసివారికే ఎక్కువ కీడు ఏల?

ఒకే గదిలో తాతగారును, ఆరు నెలల మనుమడును ఉన్నారనుకొనుడు. పీల్చు గాలి ఇద్దరికి ఒక్కటే. కాని దాని ఫలితము ఒక్కటి కాదు.

పెద్దవాడు నిమిషమునకు 12 మొదలు 20 సార్లు ఊపిరి తీయును. అప్పుడే పుట్టిన బిడ్డ 40 మొదలు 60 సార్లు తీయును. శరీరపు బరువును బట్టి లెక్కించినచో పెద్దవానికన్న బిడ్డ పీల్చుగాలియే హెచ్చు. దానితో పొగయు హెచ్చు.

బిడ్డ శ్వాసనాళములు మిక్కిలి సన్నములు. పెద్ద కాలువలో గంపెడు ఒండ్రు పడినను నీరు పారుచునే యుండును. పిల్లబోదెలో గుప్పెడు పడిన చాలును, నీరు నిలిచిపోవును. అట్లే పొగ ఒరపిడికి నాళము కొంచెము వాచినను, కొంచెము కఫము చేరినను పసివానికి ఊపిరి ఆడదు.

మన ఊపిరితిత్తులలో గాలి నిండు చిన్న చిన్న గదులలో హెచ్చుభాగము బిడ్డ పుట్టిన తరువాతనే ఏర్పడును. మొదటి రెండు మూడు సంవత్సరములు దీనికి ముఖ్యమైన కాలము. ఇల్లు కట్టుచుండగా గోడలు పచ్చిగా నున్నపుడే వాన కురిసినచో ఎట్లుండునో, ఈ వయస్సులో పొగ సోకినచో అట్లే యుండును. తల్లిదండ్రులు పొగ త్రాగు ఇండ్లలో పిల్లల ఊపిరితిత్తుల ఎదుగుదల మందగించును.

మరియు, శ్వాసనాళముల లోపలి గోడలమీద సన్నని నూగు కలదు. అది పైరుగాలికి వరిచేను ఊగినట్లు ఒకే దిక్కునకు కదలుచు, లోనికి వచ్చిన దుమ్మును, క్రిములను కఫముతో సహా గొంతువైపునకు నెట్టివేయుచుండును. పొగ ఈ నూగు పనిని చెరచును. కావలివాడు నిద్రించిన చేనిలో పశువులు పడినట్లు, అప్పుడు క్రిములు లోపల తిష్ఠ వేయును. పడిసెము రొమ్ములోనికి దిగి న్యుమోనియా యగుట ఇట్టి బిడ్డలలో హెచ్చు. ప్రపంచమంతటను అంటువ్యాధుల వలన మరణించు బిడ్డలలో ఎక్కువమందిని బలిగొనునది న్యుమోనియాయే.

చెవిపోటు కూడ దీనికి సంబంధించినదే. ముక్కు వెనుకనుండి చెవిలోనికి పోవు గొట్టము పసివారిలో పొట్టిగాను, ఇంచుమించు అడ్డముగాను ఉండును. పొగ వలన అది వాచి మూసికొనినచో చెవిలో నీరు చేరును, చీము పట్టును. అట్టి బిడ్డకు సరిగా వినిపించదు. బడిలో పంతులుగారు మందబుద్ధి యని తలంచు బాలునకు ఉన్నది బుద్ధిలోపము కాక వినికిడి లోపమే కావచ్చును.

శాస్త్ర పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి?

ఇవి ఊహలు కావు. లండను నగర ప్రాంతమైన హారోలో 1963-65 సంవత్సరముల మధ్య పుట్టిన రెండువేలకు పైబడిన శిశువులను వైద్యులు ఐదేండ్లు గమనించిరి. ఆ ఫలితములు 1974లో ప్రకటితమైనవి. తల్లియు తండ్రియు పొగ త్రాగని ఇండ్లలో, మొదటి యేడు బిడ్డలకు న్యుమోనియా, బ్రాంకైటిసు అతి తక్కువగా వచ్చినవి. ఒకరు త్రాగు ఇండ్లలో అంతకన్న హెచ్చుగా, ఇద్దరును త్రాగు ఇండ్లలో అన్నిటికన్న హెచ్చుగా వచ్చినవి.

జపాను దేశమున హిరయామా యను శాస్త్రజ్ఞుడు తాము పొగ త్రాగని 91,540 మంది గృహిణులను 14 సంవత్సరములు పరిశీలించి 1981లో ఫలితములు వెల్లడించెను. భర్త ఎంత హెచ్చుగా పొగ త్రాగునో, భార్యకు ఊపిరితిత్తుల రాచపుండు వచ్చు అవకాశము అంత హెచ్చని అందు తేలెను. ఆ తరువాత అనేక దేశములలో పరిశోధనలు సాగినవి. వానినన్నిటిని సమీక్షించి అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ 2006లో ఒక నివేదిక వెలువరించెను. ఇతరుల పొగ పీల్చు పిల్లలకు శ్వాసకోశ వ్యాధులు, చెవి జబ్బులు హెచ్చగుననియు, ఉబ్బసము ముదురుననియు, శిశువులు నిద్రలో హఠాత్తుగా మరణించు ప్రమాదము కూడ పెరుగుననియు, ఇంతవరకు పీల్చిన భయము లేదని చెప్పదగిన మోతాదు ఏదియు లేదనియు ఆ నివేదిక స్పష్టము చేసినది.

మన దేశము మాట యేమి? 2009-10లో జరిగిన సర్వేలో, ఇంటిలో ఇతరుల పొగకు గురియగుచున్న వయోజనులు నూటికి 52.3 మంది. 2016-17 సర్వే నాటికి ఆ సంఖ్య 38.7కు తగ్గినది. ఈ అంకెలనుండి రెండు విషయములు గ్రహింపవలెను. ఇండ్ల అలవాటు మారును, ఏడేండ్లలోనే మారినది. కాని ఐదుగురిలో ఇంచుమించు ఇద్దరికి పొగ ఇంకను తప్పలేదు. పెద్దలు గురియగు ఇంటిలో పిల్లలును గురియగుచున్నారని వేరుగ చెప్పనక్కరలేదు.

తరచుగా వినవచ్చు సమాధానములు

"కిటికీ తెరచియే త్రాగుచున్నాను గదా" యని కొందరందురు. కిటికీ తెరచినను, ఫ్యాను వేసినను పొగ చెదరును గాని పోదు. ఒక్కొకప్పుడు గాలి దానిని మరల లోనికే తెచ్చును. "వేరు గదిలో త్రాగుచున్నాను" అందురు. మన ఇండ్లలో గదికి గదికి మధ్య తలుపు మూసియుండుట అరుదు. మూసినను సందులనుండి పొగ ప్రాకును. వసారాలో కూర్చుండి త్రాగినను, వాకిలి తెరచియున్నచో పొగ నడవలోనికే చేరును. "బీడీ చిన్నది, దానితో ఏమగును?" అందురు. బీడీ చిన్నదే గాని దాని పొగ చిన్నది కాదు. నికోటిన్, తారు, కార్బన్ మొనాక్సైడు బీడీపొగలో సిగరెట్టుపొగకన్న తక్కువ కావని పరీక్షలలో తేలినది.

"మా తాత చుట్ట కాల్చుచునే తొంబదియేండ్లు బ్రదికెను" అను మాట వినని గ్రామము లేదు. ఆయన బ్రదుకుట సంతోషమే. అయితే ఆ ఇంట పాలుత్రాగు ప్రాయముననే రొప్పుతో పోయిన బిడ్డలెందరో లెక్కించినవారెవరు? తొంబదియేండ్లు బ్రదికినవాడు అరుగుమీద కనిపించును. ఏడాది నిండక పోయినవాడు ఎవరికిని కనిపించడు.

ఇంకొక మాట గలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. "మా ప్రాంతమునకు పొగాకే పంట, బీడీయే కూలి" యని గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల బీడీ కార్మిక సోదరీమణులు అందురు. వారి జీవనాధారమును విడువుడని నేను చెప్పుట లేదు. పండించుట వేరు, చుట్టుట వేరు, ఉయ్యాల ప్రక్క కాల్చుట వేరు. ఉయ్యాల ప్రక్క కాల్చకున్నంత మాత్రమున ఏ రైతునకు నష్టము లేదు, ఏ కార్మికురాలి కూలి తగ్గదు. పొగాకు, బీడీ పొడి ఉన్న చేటలను, గోతములను బిడ్డ పండుకొను గదిలో పెట్టకుండుటయు మంచిది.

ఉత్తరాంధ్ర గ్రామములలో కొందరు స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డచుట్ట త్రాగు వాడుక కలదు. దానివలన అంగిలికి రాచపుండు వచ్చుట వైద్యులకు చిరకాలముగా తెలిసిన విషయము. ఆ పెద్దమ్మలే మనుమలను ఒడిలో నిడుకొని పెంచుచున్నారు. వారిని ఎగతాళి చేయుట పాపము. ఒడిలో బిడ్డ యున్నంతసేపు చుట్ట ముట్టింపవద్దని ప్రేమతో చెప్పవలెను.

ఊపిరితిత్తులకు ఏ పొగయైనను పొగయే. కట్టెపొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, తలంటి పోసిన పిమ్మట బిడ్డకు దట్టముగా పట్టు సాంబ్రాణి పొగ కూడ పసివారి రొమ్మునకు మంచివి కావు. వంట చేయునపుడు బిడ్డను పొయ్యికి దూరముగా నుంచుట, దోమలకు తెర కట్టుట, బిడ్డ తలను పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుట మేలు. అయితే పొయ్యి లేనిదే అన్నము ఉడకదు. చుట్ట ఇంటిలో కాల్చనిదే ఆగిపోవు పని ఏదియు లేదు. కనుకనే మొదట దీనినిగూర్చి చెప్పుచున్నాను.

చట్టము గడప వద్ద ఆగును

పొగాకు ఉత్పత్తులను అదుపు చేయు కేంద్రచట్టము 2003లో వచ్చినది. బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను నిషేధించు నియమములు 2008 అక్టోబరు 2వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. అతిక్రమించినవారికి 200 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, ఆసుపత్రి, బస్సు, ఇవి యన్నియు ఇందు చేరును. 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థలకు నూరు గజముల లోపల అసలే అమ్మరాదు.

కాని ఈ చట్టము ఇంటి గడప వద్ద ఆగిపోవును. ఇంటిలో త్రాగవద్దని ఏ అధికారియు ఆజ్ఞాపింపలేడు. ఇంటిలోనివారు చెప్పగలరా? బాలింతరాలైన కోడలు మామగారితో "మీరు బయట త్రాగుడు" అని అనగలదా? అన్నచో, ఎదురు చెప్పినదందురు. అనకున్నచో, బిడ్డ ఆ పొగనే పీల్చును. బిడ్డ దగ్గును, కోడలు మౌనముగా బిడ్డ వీపు నిమురును. గర్భిణిగా నున్ననాడును ఆమె పరిస్థితి ఇదియే. ఇతరుల పొగ పీల్చిన గర్భిణికి పుట్టు బిడ్డ బరువు తగ్గును.

సభ్యులారా, మీ పని ఇచ్చటనే కలదు. కోడలు చెప్పజాలని మాటను గ్రామము చెప్పవలెను. పదిమంది కూడి ఒక మంచి ఆచారమును ఊరికి ఏర్పరచినచో, ఆ మాట కోడలిది కాదు, ఊరిది యగును. చెప్పులు విడిచి ఇంటిలోనికి పోవుడని మనకు ఏ చట్టము చెప్పినది? అది మర్యాద గనుక పాటించుచున్నాము. చుట్ట గడప వెలుపలనే ఆర్పివచ్చుట కూడ అట్టి మర్యాద కావలెను. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు సంక్షేమము కలవు. కనుక ఇది మన పని కాదనుటకు వీలులేదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, సభ్యులు తమ ఇంటినుండి ఆరంభింపవలెను. తన ఇంట మనుమని ప్రక్క బీడీ కాల్చు సభ్యుని మాట ఊరిలో చెల్లదు. మీ అరుగుమీదికి పనులకై వచ్చువారిని కూడ అచ్చట ముట్టింపనీయకుడు. మీరు ఒకరి ఇంటికి పోయినపుడు ముట్టింపకుడు.

రెండవది, పంచాయతీ కార్యాలయములోను, గ్రామసభ జరుగు చోటను, అంగన్‌వాడీ, పాఠశాల ఆవరణలలోను నిషేధము పలకపై వ్రాసియుండుటయే గాక అమలు జరుగవలెను.

మూడవది, గ్రామసభలో ఒక తీర్మానము చేయుడు: "గర్భిణిగాని, చిన్నపిల్లలుగాని యున్న ఇంట గడప లోపల పొగ త్రాగము." దీనికి జరిమానా పెట్టవద్దు, పేర్లు చదివి ఎవరిని అవమానింపవద్దు. అవమానము పొందినవాడు దొంగచాటుగా తలుపు మూసికొని త్రాగును; అప్పుడు బిడ్డకు మరింత కీడు. ఇండ్ల గుమ్మములకు, కిటికీలకు దూరముగా ఒక చెట్టు క్రింద తావు చూపినచో, మానలేనివాడు అచ్చటికి పోయి త్రాగును. తిరిగి వచ్చి చేతులు, నోరు కడుగుకొని, కండువా మార్చి బిడ్డను ఎత్తుకొనవలెను. దీనివలన కీడు తగ్గును గాని పూర్తిగా పోదు. పూర్తిగా పోవుటకు మానుటయే మార్గము.

నాల్గవది, ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన మొదటి 42 దినములలో పలుమార్లు ఇంటికి వచ్చి చూచును. ఆమె ఈ మాటను తల్లితో మాత్రమే గాక తండ్రితోను, తాతతోను చెప్పవలెను. ఆమె ఒక్కతె చెప్పుటకు సంకోచించు ఇండ్లకు ఆ వార్డు సభ్యుడు తోడుగా పోవలెను.

ఐదవది, మానదలచినవారికి సహాయము చూపుడు. నికోటిన్ అలవాటు బలహీనుని దోషము కాదు. శరీరమునకు పట్టిన కట్టు. విడిపించుకొనుటకు పలుమార్లు ప్రయత్నింపవలసి రావచ్చును. 1800-11-2356 అను జాతీయ ఫోను నంబరుకు ఖర్చు లేకుండ మాటలాడి సలహా పొందవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యుని కూడ అడుగవచ్చును.

రొప్పు గుర్తించు విధము

చివరగా, ప్రతి సభ్యుడు తెలిసికొనదగిన ఒక విషయము. దగ్గుచున్న బిడ్డ నెమ్మదిగా నున్న సమయమున రొమ్ముమీది గుడ్డ తీసి, గడియారము చూచుచు ఒక నిండు నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించిగాని, రెండు నెలలనుండి ఏడాది లోపు బిడ్డకు 50 గాని మించిగాని, ఏడాదినుండి ఐదేండ్ల లోపు బిడ్డకు 40 గాని మించిగాని వచ్చినచో అది న్యుమోనియా కావచ్చును. ఆ దినమే వైద్యునికి చూపవలెను. డొక్కలు లోనికి పోవుచున్నను, బిడ్డ పాలు త్రాగలేకున్నను, మగతగా పడియున్నను ఒక్క గడియ కూడ ఆగరాదు. వాతలు పెట్టుట వలన నయము కాదు. విలువైన కాలము మాత్రము పోవును. తల్లిపాలు, వేళకు వేయించు టీకాలు బిడ్డకు రక్ష. వానికి పొగలేని ఇల్లు తోడైనచో ఆ రక్ష మరింత గట్టిపడును.

మిత్రులారా, రహదారి వేయుటకు నిధులు రావలెను. నీటి ట్యాంకు కట్టుటకు అనుమతి రావలెను. ఈ పనికి ఏ నిధులు అక్కరలేదు, ఏ అనుమతి అక్కరలేదు. మీరు నేడు ఇంటికి పోయిన తరువాత చేయదగినది ఇది. గడప దాటి లోనికి పోకముందే చేతిలోని నిప్పు ఆర్పుడు. రాబోవు గ్రామసభలో తీర్మానము చదివి, ఊరిలోని పెద్ద వయస్సువారిలో గౌరవము గల ఒక తాతగారిచేత దానిని బలపరపించుడు. ఆయన నోట వచ్చినచో ఆ మాట ప్రతి అరుగునకు తానై నడచిపోవును.